పేర్రాజు గారి అసలు మృదంగం

మృదంగ విద్వాంసులు దోనేపూడి పేర్రాజు గారు పోయిన ఆరేళ్ళకి, ఆయన బతికిన తీరు సరైనదేనని ప్రభుత్వం వారు ధ్రువీకరించారు. ఆ కబురు కాకినాడ చేరేసరికి ఆయన భార్య సీతారావమ్మ గారు పొయ్యి దగ్గర నిలబడి కందిపొడికి పప్పు వేయించుకుంటున్నారు.

సరిగ్గా చెప్పాలంటే ధ్రువీకరించింది ఆయన జీవితాన్ని కాదు, ఆయన మీద తీసిన సినిమాని. కాని ఆ రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదని చెప్పడమే ఆ కాగితం సారాంశం.

విద్వాంసుల జీవితాల మీద సినిమాలు తీయడం అప్పటికి రెండేళ్ళుగా విషజ్వరంలా పాకి ఉంది. ఒక సినిమాలో వయొలిన్ విద్వాంసుడి కమాను తీగలకి జానెడు ఎడంగా గాలిలో ఊగింది, పాట మాత్రం వినబడింది. ఇంకో సినిమాలో నాదస్వర విద్వాంసుడు సన్నాయి నోట్లోంచి తీయకుండానే భార్యకి వీడ్కోలు చెప్పాడు. సంగీతం తెలిసినవాళ్ళు పత్రికలకి ఉత్తరాలు రాసి గోల పెట్టారు. సినిమా తీసేముందు ఒక పది రోజులు ఎవరైనా విద్వాంసుడి ఇంట్లో చాప మీద కూచుని చూడండయ్యా అంటే సరిపోయేది. అది మరీ సులువైన పని కావడం వల్ల ఎవరికీ తోచలేదు. అందుచేత సంగీతజ్ఞుల జీవితచిత్ర యథార్థతా శాఖ అని ఒక కొత్త శాఖ పుట్టింది.

ఆ శాఖ వారు ప్రతి సినిమానీ చూసి నూటికి మార్కులు వేస్తారు. పేదరికానికి ముప్ఫై, జబ్బుకి ఇరవై, లోకం గుర్తించకపోవడానికి ఇరవై, వానకి పదిహేను, భార్య కన్నీళ్ళకి పది. మిగిలిన ఐదూ సంగీతానికి. తక్కినవన్నీ బాగా కుదిరితే ఆ ఐదూ కూడా కలిపేయవచ్చునని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

పేర్రాజు గారి సినిమాకి నూటికి నూరూ వచ్చాయి.

అందులో పేదరికానికి వచ్చిన ముప్ఫై మార్కులకీ కారణం తనేనని సీతారావమ్మ గారికి సినిమా చూశాకగాని తెలియలేదు. తీయడానికి ముందు కథ రాసే కుర్రాడొకాయన ఇంటికొచ్చాడు. నెమ్మదస్తుడు. పెసరట్టు వేసి, అల్లం పచ్చడి పెట్టారు. తింటూ అడిగాడు, "అమ్మా, ఆయన జీవితంలో ఏది ఉంటే చాలనుకునేవారండీ?"

"ఏముంది బాబూ, సాయంత్రమయ్యేసరికి గుప్పెడు రవ్వ ఉంటే చాలు. అది లేకపోయిందా, ఇల్లు పీకి పందిరేసేవారు" అన్నారావిడ.

కుర్రాడు కళ్ళు తుడుచుకున్నాడు. పచ్చడి ఘాటు కాబోలనుకుని ఆవిడ మంచినీళ్ళిచ్చారు.

కచేరీకి కూచునే ముందు మృదంగం ఎడమవైపు చర్మం మీద రవ్వ తడిపి ముద్దగా అంటిస్తారు. అది ఉంటేనే ఆ వైపు గంభీరంగా పలుకుతుంది. కచేరీ అయ్యాక గోకి పారేస్తారు. రవ్వ మరీ పలచనైనా గట్టిపడినా పనికిరాదు. పేర్రాజు గారికి నలభై ఏడేళ్ళు ఆ ముద్ద కలిపిపెట్టింది సీతారావమ్మ గారే. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి వచ్చిన తగువులన్నీ దాని మీదే. "ఉన్న రవ్వంతా మృదంగానికి పెడితే రేపు పిల్లలకి ఉప్మా దేంతో చెయ్యను?" అని ఆవిడా, "పిల్లలు ఇడ్లీ తింటారు, ఇది తినదు కదే" అని ఆయనా. అంతకు మించిన కష్టాలు వాళ్ళు పడలేదు. పేర్రాజు గారు గుత్తివంకాయ మూడుసార్లు మారు వడ్డించుకునే మనిషి. పోయింది కూడా మధ్యాహ్నం భోజనం చేసి, నడుం వాల్చి, హాయిగా.

సినిమాలో మాత్రం మూడు రోజులుగా పస్తున్న విద్వాంసుడు వణుకుతూ చెయ్యి చాస్తాడు. భార్య డబ్బా అడుగు గోకి గుప్పెడు రవ్వ తీస్తుంది. అతను సగం తిని, సగం గుమ్మం ముందున్న కుక్కకి పెడతాడు. హాలు హాలంతా ముక్కులు ఎగబీల్చింది.

"అయ్యో, నీళ్ళయినా పోసి కలపకుండానే!" అన్నారు సీతారావమ్మ గారు పైకే.

ఆ వెంటనే విద్వాంసుడు మృదంగాన్ని ఒంటిచేత్తో భుజాన వేసుకుని, కుండపోత వానలో కొండ మెట్లెక్కుతూ పాటందుకున్నాడు. ఆవిడ ఇక ఆగలేక లేచి నిలబడిపోయారు. "తడిసిపోతోంది, తడిసిపోతోంది!"

"కూచోండి మామ్మగారూ, ఆయన అంత గొప్పగా తడుస్తుంటే అడ్డమేంటండీ?" అని వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.

"ఆయన తడిస్తే తువ్వాలుంది నాయనా. చర్మం తడిస్తే ఏముంది?" అన్నారావిడ. పక్కనున్న మనవరాలు మైథిలి నవ్వాపుకోలేక నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

*

ధ్రువపత్రం పట్టుకుని వచ్చినాయన జిల్లా యథార్థతాధికారి ముదునూరి సోమశేఖరం గారు. వెంట గుమాస్తా అప్పలకొండ, అప్పలకొండ చేతిలో అట్టపెట్టె, అట్టపెట్టెలో ఫైళ్ళు.

సోమశేఖరం గారు గోడ మీద పేర్రాజు గారి ఫోటో చూసి ఒక్క క్షణం మెత్తబడ్డారు. "కాలేజీ రోజుల్లో గోడ దూకి వెళ్ళి వినేవాణ్ణమ్మా. ఆ మొదటి దెబ్బ పడగానే గుండెలో ఎక్కడో..." అని ఆగి, ఫోటో మీంచి చూపు తిప్పుకున్నారు. "అది వ్యక్తిగతం. ప్రస్తుత విషయానికి వస్తాను. సదరు చిత్రానికీ, సదరు విద్వాంసుల వారి జీవితానికీ మధ్య మా శాఖ పరిశీలనలో నలభై ఒక్క వ్యత్యాసములు కనుగొనబడినవి."

"నలభై ఒకటేనా? అయితే సినిమాలో దిద్దుతారా బాబూ?" అన్నారు సీతారావమ్మ గారు ఆశగా.

సోమశేఖరం గారు అప్పలకొండ వైపు చూశారు. అప్పలకొండ ఆవిడ వైపు జాలిగా చూశాడు.

"సినిమాని ఎలా దిద్దుతామమ్మా? దానికి ధ్రువపత్రం ఇచ్చేశాం. మా శాఖ సంచాలకుల వారి సంతకం పడింది. పేర్రాజు గారి జీవితం మీద ఎవరి సంతకమూ లేదు. అందుచేత దిద్దవలసింది దాన్నే."

అని పట్టిక విప్పారు. ఏడో వ్యత్యాసం పేర్రాజు గారి షుగరు జబ్బు. డాక్టరు చీటీలో అతి భోజనం వల్ల అని ఉంది. దాన్ని కొట్టేసి పస్తుల వల్ల అని రాశారు. పన్నెండోది, సినిమాలో కథానాయకుడిది ఎడమచేతి వాటం.

"ఆయనది కుడిచెయ్యే బాబూ. కావలిస్తే ఫోటో చూడండి."

"చూశామమ్మా. ఫోటో తప్పు."

మర్నాడే గోడమీది ఫోటో తీసుకెళ్ళి, అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చు వేయించి తెచ్చి తగిలించారు. పేర్రాజు గారు ఎడమచేత్తో మహా ఉత్సాహంగా వాయిస్తున్నారు. ఆయన వెనక సభ పేరు రాసిన గుడ్డ మీద అక్షరాలన్నీ కూడా తిరగబడ్డాయి.

"ఇదేం భాషండీ?" అంది కోడలు హైమ, కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చి.

అప్పలకొండ దానికి సిద్ధంగానే ఉన్నాడు. "ప్రాచీన లిపి అని రాసేసుకున్నామండి, ఆయ్."

పంతొమ్మిదో వ్యత్యాసం సీతారావమ్మ గారిదే. సినిమాలో భార్య నాలుగు పాటలు పాడింది.

"నేను పాడితే నిద్రపోయే పిల్లలు లేచి కూచునేవారండీ!" అని ఆవిడ మొత్తుకున్నా వినలేదు. మీరు గాయని అని రాసి, ఒక శాలువా కప్పి వెళ్ళారు. అది ఊలుది. ఆవిడ దాన్ని ఊరగాయ జాడీకి చుట్టి అటక మీద పెట్టారు.

తర్వాత నెలలో పేర్రాజు గారి జయంతి వచ్చింది. వానకి పదిహేను మార్కులూ వచ్చాయి కనుక, జయంతి సభలో వాన ఉండి తీరాలని శాఖ వారు తీర్మానించారు. మార్చి నెలలో కాకినాడలో వాన ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫైరింజను వచ్చింది. పెద్దలంతా వేదిక మీద గొడుగులు వేసుకుని కూచుని, ఆ మహానుభావుడు పడ్డ కష్టాలు తలుచుకుని తడిశారు. సంగీత కళాశాలలో పిల్లలందరి చేతా రవ్వ దీక్ష పట్టించారు. వారానికొకరోజు గుప్పెడు రవ్వతో గడిపితే విద్వత్తు దానంతటదే వస్తుందట. తలా ఒక కిలో పొట్లం పంచారు. మైథిలి తన పొట్లం తెచ్చి నానమ్మకిచ్చింది.

"తినమన్నారు నానమ్మా. పచ్చిదే."

"డబ్బాలో పొయ్యి. పురుగు పట్టకుండా నాలుగు లవంగాలు వెయ్యి" అన్నారు సీతారావమ్మ గారు.

ఇంతవరకూ ఆవిడకి నవ్వులాటగానే ఉంది. వీధిలో వాళ్ళు "ఏమండీ గాయని గారూ" అని పిలిచినా నవ్వుతూనే పలికారు. పోయినాయన ఎడమచేతి వాటమని రాసుకుంటే ఆయనకేం నొప్పి?

శాఖ వారి పదకొండో నిబంధన వచ్చాకే నవ్వు పోయింది.

*

కాగితం మళ్ళీ సోమశేఖరం గారే తెచ్చారు. చదువుతున్నంతసేపూ ఆవిడ మొహంకేసి చూడలేదు. "యథార్థమని ధ్రువీకరింపబడిన విద్వాంసుని ప్రధాన వాద్యమును పదిహేను దినములలోపు రాజధాని యందలి యథార్థ వస్తు ప్రదర్శనశాలకు అప్పగించవలెను. అచ్చట గాజు పెట్టెలో భద్రపరచబడును. ఎవరును తాకరాదు, వాయించరాదు."

లోపలి గదిలో మైథిలి సాధన చేసుకుంటోంది. ఆ చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

ఆ మృదంగం పనసకర్రది. పాతికేళ్ళ వయసులో పేర్రాజు గారు చేయించుకున్నది. ఆయన కచేరీలన్నీ దాని మీదే. ఒక అంచున బొటనవేలంత చెక్క లేచిపోయి ఉంటుంది. మైథిలి మూడేళ్ళప్పుడు దాన్ని బండి అనుకుని వీధరుగు మీంచి దొర్లించింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టి నిలబడితే, పేర్రాజు గారు మనవరాల్ని ఎత్తుకుని, "పడేటప్పుడు ఎలా మోగిందో విన్నావా? మళ్ళీ అలా మోగించు చూద్దాం" అన్నారు. అప్పట్నుంచీ పాఠం మొదలు. పోయే ముందు ఏడాది, మనవరాలి చేతులు దాని మీద పెట్టి, "ఇది నీది. రోజూ వాయించు. వాయించకపోతే దీని గొంతు పూడుకుపోతుంది" అని చెప్పారు. ఇప్పుడు మైథిలికి పదిహేనేళ్ళు. రామారావుపేట శ్రీరామనవమి పందిట్లో మొట్టమొదటి కచేరీ. పేర్రాజు గారు మొదట వాయించిన పందిరి కూడా అదే. నవమి ఇంకా పదహారు రోజులుంది. గడువు పదిహేను.

"ఒక్క రోజు, బాబూ. నవమి మర్నాడు వచ్చి పట్టుకెళ్ళండి" అన్నారు సీతారావమ్మ గారు. అలా అంటున్నారే గాని, ఆ తర్వాతైనా దాన్ని ఇవ్వగలరా అన్నది ఆవిడకే తెలియదు.

"నా చేతుల్లో ఏముందమ్మా? సినిమాలో మనవరాలు లేదు. సినిమాలో లేనిది ఏదీ నేను చెయ్యలేను."

ఆయన గొంతులో నిజంగానే దిగులుంది. అందుకే ఆవిడకి తిట్టబుద్ధి కాలేదు.

మైథిలి ఆ వారమంతా సరిగ్గా తినలేదు. వేరే మృదంగం అరువు తెస్తానని హైమ అంటే, "దాని మీద నా వేళ్ళు నాకు కొత్తగా ఉంటాయమ్మా" అంది. సీతారావమ్మ గారు రెండుసార్లు శాఖ ఆఫీసుకి వెళ్ళి బల్ల ముందు నిలబడి వచ్చారు. మూడోసారి వెళ్ళలేదు. ఆ సాయంత్రం మనవరాలి సాధన కోసం గిన్నెలో రవ్వ తడుపుతూ కూచుని, సోమశేఖరం గారి మాటనే లోపల్లోపల తిప్పుకున్నారు. సినిమాలో లేనిది ఏదీ. సినిమాలో లేనిది ఏదీ...

ముద్ద కుదిరేసరికి ఆలోచనా కుదిరింది.

*

పదిహేనో రోజు పొద్దున్నే శాఖ వారి వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది. సోమశేఖరం గారు, అప్పలకొండ, ఒక కొత్త దుప్పటి. మైథిలి గదిలోంచి బయటికి రాలేదు. సీతారావమ్మ గారు మాత్రం ఇద్దరికీ ఉప్మా పెట్టి, కాఫీలిచ్చి, మృదంగాన్ని తనే తెచ్చి చాప మీద ఉంచారు.

"పట్టుకెళ్ళండి బాబూ. కాని పెద్దదాన్ని, ఒక్క మాట. మీ వ్యత్యాసాల పట్టిక నలభై ఒకటితో ఆగిపోయిందా?"

"ఆగిందమ్మా."

"నలభై రెండోది రాసుకోండి. ఇది సినిమాలో ఉన్న మృదంగం కాదు."

సోమశేఖరం గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"మీ ఫోన్లో సినిమా ఉంది కదా, ఆ వాన పాట పెట్టండి. చూశారా, ఒంటిచేత్తో భుజాన వేసుకుని మెట్లెక్కేస్తున్నారు. ఏదీ, అప్పలకొండా, నువ్వోసారి అలా వెయ్యి నాయనా."

అప్పలకొండ దీక్షగా వంగి ఒంటిచేత్తో లాగాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. "నడుం పట్టేసిందండి, ఆయ్."

"అందులో మృదంగానికి బంగారు రంగుంది, నడుమ తామరపువ్వు చెక్కి ఉంది. దీనికి పువ్వు లేదు సరికదా, ఉన్న అంచే లేచిపోయింది. అది అంత వానలో తడిసీ ఖంగుమంది. దీని మీద నాలుగు చుక్కలు పడితే మూగపోతుంది. పోనీ వాసన చూడండి. రవ్వ వాసన. సినిమాలో రవ్వ సగం ఆయన తిన్నారు, సగం కుక్క తింది. మృదంగానికెక్కడ మిగిలింది బాబూ?"

సోమశేఖరం గారు మృదంగాన్నీ, ఫోన్లో బొమ్మనీ మార్చి మార్చి చూశారు. ఆయన లెక్క ఆయన మొహంలోనే కనబడుతోంది. ఇది అసలుదైతే సినిమాలోది నకిలీ. సినిమాలోది నకిలీ అయితే ధ్రువపత్రం అబద్ధం. ధ్రువపత్రం అబద్ధమైతే దాని కింద ఉన్న సంతకం... ఆ మెట్టు దగ్గర ఆయన లెక్క ఆపేశారు. రాజధానికి ఫోను చేసి, అందరికీ వినబడేట్టు పెట్టారు.

సంచాలకుల వారు ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. అంత వేగంగా నిర్ణయం తీసుకోగలరు కనుకనే ఆయన సంచాలకులయ్యారు.

"సదరు గృహమందు లభ్యమైన చర్మవాద్యము విద్వాంసులవారితో ఎట్టి సంబంధమును లేనిదిగా ఇందుమూలముగా ప్రకటింపబడుచున్నది. చిత్రమందు కనిపించిన వాద్యమే అసలైనది. దానిని తక్షణమే వెదకి, సగౌరవముగా తరలింపుడు. సదరు వృద్ధురాలి వద్ద మాత్రం వాంగ్మూలము తీసుకొనుడు."

అసలైన మృదంగం సినిమా కంపెనీ గోదాములో దొరికింది. మేకప్ చేసే ఆయన రెండేళ్ళుగా దాన్ని నిలబెట్టి దాని మీద కూచుంటున్నాడు. ఆయన్ని లేపి, దానికి పూలదండ వేసి, మేళతాళాలతో రాజధానికి తీసుకెళ్ళారు. రెండు వైపులా ప్లాస్టిక్ రేకు. మోగదు. గాజు పెట్టెలో ఉండేదానికి మోగవలసిన పనేముందని ఎవరూ పట్టించుకోలేదు.

ఇదంతా తర్వాత సంగతి. ఆ పొద్దున సోమశేఖరం గారు అక్కడే కూచుని వాంగ్మూలం రాసి ఆవిడ ముందు పెట్టారు. రెండే వాక్యాలు. నా భర్త ఈ మృదంగమును ఎన్నడును ముట్టియుండలేదు. నేను దీనికై ఎన్నడును రవ్వ కలిపియుండలేదు.

సీతారావమ్మ గారు కలం తీసుకుని ఆగిపోయారు. నలభై ఏడేళ్ళ సాయంత్రాలు. వీధి గుమ్మంలోంచే, "ఏమే, రవ్వ?" అని వినబడే గొంతు. తను కలిపిన ముద్దని రెండు వేళ్ళతో నొక్కి చూసి, బాగుందని ఏనాడూ అనకుండా తలూపే ఆ ఊపు.

గది తలుపు కొంచెం తెరుచుకుంది. మైథిలి తొంగి చూస్తోంది.

ఆవిడ గోడమీది తిరగబడ్డ ఫోటోకేసి చూశారు. "ఏమండీ, మీరేం అనుకోకండి. ఈ సంతకం మీ భార్యది కాదు, సినిమాలో ఆవిడది" అని, గుండ్రటి అక్షరాలతో పెట్టేశారు. ఉప్మా చేసిన చెయ్యి కావడంతో కాగితం అంచున రెండు పలుకులు అంటుకున్నాయి. సోమశేఖరం గారు వాటిని చూశారు. దులపబోయి, మానేసి, అలాగే ఫైలులో పెట్టుకున్నారు.

*

నవమి నాటి సాయంత్రం పందిరి వెనక సీతారావమ్మ గారు రవ్వ దీక్ష పొట్లం విప్పి, లవంగాలు ఏరి, గుప్పెడు తీసి తడిపారు. ప్రభుత్వం వారిచ్చిన రవ్వ మొదటిసారిగా చేరవలసిన చోటికి చేరింది. మైథిలి రెండు వేళ్ళతో నొక్కి చూసి తలూపింది.

"బాగుందని నోటితో అంటే మీ తాత ముల్లె పోయేది. నువ్వూ అంతేనా?" అన్నారావిడ.

"బాగుంది నానమ్మా" అంది మైథిలి, నవ్వుతూ.

మొదటి వరసలో పానకం గ్లాసు పట్టుకుని సోమశేఖరం గారు కూచున్నారు. సెలవు రోజు కనుక మామూలు చొక్కాలో ఉన్నారు. అప్పలకొండ నడుముకి పట్టీ వేసుకుని ఆయనకి ఒక పక్కన, పందిరి వెనక నుంచి వచ్చిన సీతారావమ్మ గారు ఇంకో పక్కన. పాట ఎత్తుకున్నారు. పల్లవి మొదటి మెలిక దగ్గర మైథిలి రెండు చేతులూ కదిలాయి. ఆ తొలి దెబ్బకి పందిరి తాటాకులు కూడా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది.

సోమశేఖరం గారి చేతిలో పానకం ఒలికి పంచె మీద పడింది. ఆయన చూసుకోలేదు. నీళ్ళు నిండిన కళ్ళతో పక్కకి తిరిగి, "అమ్మా, అచ్చం ఆయనే! అదే మృదంగం, అదే దెబ్బ! పేర్రాజు గారి చెయ్యేనమ్మా అది!" అన్నారు.

సీతారావమ్మ గారు మనవరాలి మీంచి చూపు తిప్పకుండానే నోటి మీద వేలేసుకున్నారు.

"అలా పైకి అనకండి బాబూ, ఉద్యోగం పోతుంది. ఆయన ఎడమచేతి వాటం కదూ!"